తెలిసి చేసే తప్పు – హెచ్.ఐ.వి. నివారణలో నడవడి మార్పు

సిగరెట్టు పెట్టెపై హెచ్చరిక ముద్రించి ఉంటుంది. ఇప్పుడు భయం గొలిపే బొమ్మ కూడా ఉంటుంది. చదువుకున్నవారే ఆ హెచ్చరికను చూస్తూ, ఆ పెట్టెలో నుంచే సిగరెట్టు తీసి వెలిగిస్తారు. మధుమేహం ఉన్న పెద్దమనిషి తీపి వలన కలిగే కీడును పదిమందికి వివరిస్తాడు. పెళ్ళి విందులో లడ్డూను మాత్రం వద్దనలేకపోతాడు. తెలియక చేసే తప్పును తెలియజెప్పి మాన్పవచ్చును. తెలిసి చేసే తప్పును మాన్పడం ఎలా?

వైద్యశాస్త్రం ఈ ప్రశ్నను తీవ్రంగా ఎదుర్కొన్నది హెచ్.ఐ.వి. విషయంలో. ఎయిడ్స్ రోగులను గురించి మొదటి నివేదిక 1981లో అమెరికాలో వెలువడినది. మన దేశంలో 1986లో, నాటి మద్రాసులో, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె వద్ద పరిశోధన చేస్తున్న సెల్లప్పన్ నిర్మల రక్త పరీక్షల ద్వారా ఈ వైరస్ ఉనికిని కనుగొన్నారు. అప్పటికి తగిన మందులు లేవు. టీకా నేటికీ లేదు. కనుక మనుష్యుల లైంగిక నడవడిలో మార్పు తెచ్చే మార్గాలను ప్రపంచమంతటా పరిశోధకులు అన్వేషించారు. ఆ పరిశోధనలు ఏమి చెప్పినవో, వాటి నుండి గృహస్థులు గ్రహించవలసినది ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఇటువంటి విషయం ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో అవసరమా అని కొందరికి సంకోచం కలుగవచ్చును. ఆ సంకోచమే ఈ వ్యాధికి పెద్ద అండ. ఎందుచేతనో క్రింద వివరించే పూనా పరిశోధన వలన తెలుస్తుంది.

ప్రజ్ఞాపరాధం అంటే ఏమిటి?

తెలిసి చేసే తప్పును ఆయుర్వేదం "ప్రజ్ఞాపరాధం" అన్నది. రోగాలకు మూలమైన కారణాలలో దీనిని ఒకటిగా చరకుడు పేర్కొన్నాడు. చరక సంహిత శారీరస్థానం మొదటి అధ్యాయం ప్రకారం ఇది మూడు విధాలుగా కలుగుతుంది. మొదటిది ధీ, అనగా బుద్ధి, చెడుట. మేలును కీడుగా, కీడును మేలుగా పొరబడుట. రెండవది ధృతి, అనగా నిగ్రహశక్తి, సడలుట. కీడని తెలిసినా మనస్సును మరల్చుకోలేకపోవుట. మూడవది స్మృతి తప్పుట. తెలిసిన సత్యం అవసరమైన ఘడియలో, రజస్తమస్సులు కమ్ముకొనుట వలన, గుర్తుకు రాకపోవుట.

చరకునికి హెచ్.ఐ.వి. తెలియదు. అయినను ఆధునిక పరిశోధనలను ఈ మూడింటి వెలుగులో చూచినచో వాటి సారం సులభంగా బోధపడుతుంది.

వ్యాధి సోకే మార్గాలు

ఈ వైరస్ వ్యాధి నిరోధక శక్తికి ఆధారమైన సి.డి.4 కణాలను క్రమంగా నశింపజేస్తుంది. రక్షణ లేని లైంగిక సంపర్కం, వైరస్ ఉన్న రక్తం, ఇతరులు వాడిన సూదులు, తల్లి నుండి బిడ్డకు గర్భంలోనో కాన్పులోనో చనుబాల ద్వారానో సంక్రమించుట – ఇవే దీని మార్గాలు. కలిసి భోజనం చేయుట, కరచాలనం, ఒకే మరుగుదొడ్డి వాడుట, దోమ కాటు వీటి వలన సోకదు. సోకిన పిదప మందు వాడకపోయినా అనేక సంవత్సరాల వరకు మనిషి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చును. ముఖం చూచి ఈ వ్యాధిని పసిగట్టుట ఎవరి తరమూ కాదు.

ధీ – ఉపన్యాసం కన్నా సంభాషణ మేలు

ఎయిడ్స్ ప్రచారం మొదట భయపెట్టుటతోను, ఉపదేశాలతోను సాగినది. ఉపదేశం ఎంతవరకు పనిచేస్తుందో తేల్చుకొనుటకు 1990 దశాబ్దిలో అమెరికాలోని ఐదు నగరాల సుఖవ్యాధుల చికిత్సాలయాలలో ఒక పెద్ద పరిశోధన జరిగినది. దానిలో 5,758 మంది స్త్రీ పురుషులు పాల్గొన్నారు. వారిలో కొందరికి వ్యాధిని గురించి, జాగ్రత్తలను గురించి కొద్ది నిమిషాలు చెప్పి పంపించారు. మరికొందరితో సలహాదారు ఏకాంతంగా కూర్చుండి, సుమారు 20 నిమిషాల చొప్పున రెండు పర్యాయాలు మాట్లాడారు. ఇంకొక వర్గంతో ఈ సంభాషణ నాలుగు పర్యాయాలు జరిగినది.

ఆ సంభాషణలో నీతిబోధ లేదు. మీకు ప్రమాదం కలిగించిన సందర్భం ఏది, అది ఎట్లా ఏర్పడినది, ఇంతకుముందు మానుటకు ప్రయత్నించారా, ఏది అడ్డు వచ్చినది అని ప్రశ్నించేవారు. చివరకు ఆ మనిషే తాను చేయగల ఒక చిన్న మార్పును ఎన్నుకొనేవాడు. ఉదాహరణకు, "పరాయి ఊరికి పోయినప్పుడు మద్యం త్రాగను" అనునది ఒక చిన్న మార్పు. "ఇకపై సన్మార్గంలో ఉంటాను" అనునది గొప్ప మాటే కాని, రేపు ఉదయం ఏమి చేయవలెనో దానిలో లేదు. రెండవ పర్యాయం వచ్చినప్పుడు ఆ చిన్న మార్పు నెరవేరినదా, లేనిచో ఎందుకని అడిగేవారు.

ఈ ఫలితాలు 1998లో వెలువడినవి. ఆరు నెలల కాలంలో, ఉపదేశం మాత్రమే విన్నవారి కన్న, సంభాషణ పొందినవారికి క్రొత్తగా సుఖవ్యాధులు సోకుట సుమారు నూటికి 30 వంతులు తక్కువగా ఉన్నది. రెండు పర్యాయాల సంభాషణ పొందినవారు కూడా నాలుగు పర్యాయాలవారి వలెనే మేలు పొందారు. "నేను మారినాను" అని నోటితో చెప్పిన మాటపై ఆధారపడక, ప్రయోగశాల పరీక్షలతో నిర్ధారించుట ఈ పరిశోధనలోని విశేషం.

కెన్యా, టాంజానియా, ట్రినిడాడ్ దేశాలలో జరిపి 2000 సంవత్సరంలో ప్రకటించిన మరొక పరిశోధన కూడా ఇదే దారి చూపినది. స్వచ్ఛంద రక్త పరీక్ష, దానితోపాటు సలహా పొందిన పురుషులలో, నిత్య భాగస్వామి కాని వారితో రక్షణ లేని సంపర్కం నూటికి 35 వంతులు తగ్గగా, ఆరోగ్య సమాచారం మాత్రమే పొందిన పురుషులలో 13 వంతులే తగ్గినది. స్త్రీలలో ఈ తగ్గుదల 39, 17 వంతులుగా ఉన్నది. ఇవి పాల్గొన్నవారు స్వయంగా చెప్పిన వివరాలు కనుక వీటిని కొంత జాగ్రత్తతో స్వీకరించవలెను. అయినను రెండు పరిశోధనలలోని సారం ఒక్కటే. విషయం తెలియుట వేరు, "ఇది నా విషయం" అని తెలియుట వేరు.

ధృతి – ఒక్కరి పట్టుదల చాలదు

నిగ్రహం పూర్తిగా వ్యక్తిగతమని మనం భావిస్తాం. చుట్టుప్రక్కల పరిస్థితి సహకరించినప్పుడే నిగ్రహం నిలుస్తుందని థాయిలాండ్ అనుభవం నేర్పినది.

ఆ దేశంలో 1980 దశాబ్ది చివర వ్యాధి దావానలం వలె వ్యాపించినది. లైంగిక వృత్తిలోని స్త్రీలకు ప్రమాదం తెలియకపోలేదు. కాని మనవారు నిరోధ్ అని పిలిచే రబ్బరు తొడుగును వాడుమని ఒక స్త్రీ పట్టుబట్టినచో, విటుడు ప్రక్క ఇంటికి పోయేవాడు. ఆమెకు ఆనాటి కూడు పోయేది. ఒంటరి స్త్రీ ధృతి ఆకలి ముందు నిలువజాలదు.

ఈ చిక్కును రాచ్చబురి ప్రాంతంలో పనిచేస్తున్న డాక్టర్ వివత్ రోజనపిత్యాకోర్న్ గుర్తించారు. 1989లో అక్కడి అధికారులను, పోలీసులను, వేశ్యాగృహాల యజమానులను ఒప్పించి, అన్ని గృహాలలోను ఒకేసారి ఒకే నిబంధన పెట్టించారు: తొడుగు లేనిదే ప్రవేశం లేదు. ఎక్కడికి పోయినా ఇదే మాట కనుక విటునికి మరొక దారి లేదు; స్త్రీకి నష్టమూ లేదు. ప్రభుత్వమే తొడుగులను ఉచితంగా అందించినది. సుఖవ్యాధితో ఆసుపత్రికి వచ్చిన పురుషుని అతడు పోయిన చోటు అడిగి, నిబంధన ఉల్లంఘించిన గృహాన్ని గుర్తించేవారు. 1991లో ఈ పద్ధతిని దేశమంతటా అమలుకు తెచ్చారు.

ఫలితం ఎట్లున్నదో చూడండి. ఉత్తర థాయిలాండ్‌లో సైన్యంలోకి చీటీలు తీసి ఎన్నుకొన్న 21 ఏండ్ల యువకులను పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. చీటీల ఎంపిక కనుక వీరు ఆ ప్రాంతపు సామాన్య యువకులకు ప్రతినిధులు. 1991లో వీరిలో గడచిన సంవత్సరంలో వేశ్యల వద్దకు పోయినట్లు చెప్పినవారు నూటికి 57 మంది. 1995 నాటికి 24 మంది. చివరిసారి పోయినప్పుడు తొడుగు వాడినవారు 61 నుండి 92కు పెరిగారు. 1991, 1993 సంవత్సరాలలో వ్యాధి సోకినవారు నూటికి 10 నుండి 12 వరకు ఉండగా, 1995లో 7 లోపునకు తగ్గినది.

మన దేశంలో కలకత్తాలోని సోనాగచ్చి ఇటువంటి మరొక ఉదాహరణ. డాక్టర్ స్మరజిత్ జానా 1992లో అక్కడ ప్రారంభించిన కార్యక్రమంలో బోధకులు బయటినుండి రాలేదు. ఆ వృత్తిలోని స్త్రీలకే శిక్షణ ఇచ్చి, తోటివారికి చెప్పించారు. వారు వడ్డీ వ్యాపారుల పీడ నుండి బయటపడుటకు 1995లో సహకార సంఘం స్థాపించుకొన్నారు. అప్పు బాధ తగ్గిన స్త్రీ "వద్దు" అనగలిగినది. గౌరవం, ఆర్థిక స్థైర్యం కూడా వ్యాధి నివారణ సాధనాలే అని ఈ అనుభవం చాటినది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలలో గర్భిణీ స్త్రీల పరీక్షలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 15 నుండి 24 ఏండ్ల గర్భిణులలో హెచ్.ఐ.వి. 2000లో నూటికి 1.7 ఉండగా 2004 నాటికి 1.1కి తగ్గినది. లైంగిక వృత్తిలోని స్త్రీలు, వారి వద్దకు పోయే పురుషులు తొడుగు వాడుట పెరగడమే ఇందుకు కారణమై ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. ఎక్కడో ఒక పురుషుడు జాగ్రత్త పడినచో ఆ మేలు మరొక ఇంటి గర్భిణికి చేరుతుందన్నమాట.

స్మృతి – కాలం గడచిన కొలది మరపు

సంభాషణ మేలు చేసినదని చెప్పుకొన్నాం. ఆ మేలు ఎంతకాలం నిలిచినది? పైన చెప్పిన ఐదు నగరాల పరిశోధనలోనే, ఆరు నెలలకు 30 వంతులు ఉన్న మేలు ఏడాది మొత్తం మీద చూచినచో 20 వంతులుగా తేలినది. పురుషులతో సంపర్కం గల పురుషులు 4,295 మందితో అమెరికాలో జరిపి, 2004లో ప్రకటించిన పరిశోధనలో, పది పర్యాయాలు సలహా ఇచ్చినను హెచ్.ఐ.వి. సోకుట నూటికి 18 వంతులే తగ్గినది. ఆ మేలు కూడా మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే ఎక్కువగా కనిపించినది.

మరొక మాట కూడా దాచకుండా చెప్పవలెను. తొమ్మిది చికిత్సాలయాలలో 5,012 మందితో జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, త్వరిత రక్త పరీక్షతోపాటు ఒక్క పర్యాయం సలహా ఇచ్చుట వలన సుఖవ్యాధులు తగ్గలేదు. కనుక సలహా అనునది ఒకసారి చెవిలో ఊదే మంత్రం కాదు. మరల వచ్చి మాట్లాడుట, మరల గుర్తు చేసుకొనుట, పరిస్థితులను అనుకూలంగా మార్చుకొనుట, ఇవన్నీ కలసినప్పుడే నడవడి నిలుస్తుంది.

స్మృతిని ముందుగా హరించేది మద్యం. పగలు తెలిసిన జాగ్రత్త మద్యం మత్తులో గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా లెక్కలోకి రాదు. కనుక ప్రమాదం కలిగే చోటుకు పోయిన తరువాత ఆలోచించుట కాదు, పోకముందే నిర్ణయించుకొనుట ముఖ్యం.

గృహిణికి ఏమి సంబంధం?

ఇక పూనా పరిశోధన. 1993 నుండి 1996 వరకు అక్కడి సుఖవ్యాధుల చికిత్సాలయాలకు వచ్చిన స్త్రీలను పరీక్షించి, 1997లో వివరాలు ప్రకటించారు. వారిలో 391 మంది లైంగిక వృత్తితో సంబంధం లేనివారు. అత్యధికులు వివాహితలు, భర్త తప్ప అన్యమెరుగనివారు. వ్యాధి లక్షణాలతో చికిత్సకు వచ్చినవారు కనుక వీరిని సామాన్య గృహిణులందరికీ ప్రతినిధులుగా తీసుకోరాదు. అయినను వారిలో నూటికి సుమారు 14 మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలినది. వారు చేసిన తప్పేమీ లేదు. సుఖవ్యాధి గల భర్తతో కాపురమే వారికి ప్రమాదమైనది.

"మనవంటి ఇండ్లలో ఈ వ్యాధి రాదు" అనునది, కనుక, బుద్ధి చేసే పొరపాటు. భార్య పాతివ్రత్యం భర్త తెచ్చిన వైరస్‌ను ఆపదు. నడవడి మార్చుకొనవలసినది పురుషుడు. దాని ఫలం అనుభవించేది ఇంటి ఇల్లాలు, పుట్టబోయే బిడ్డ. ఇందుచేతనే ఈ విషయం ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో అవసరమైనది.

మందు కూడా నివారణే

నేడు పరిస్థితి చాలా మెరుగైనది. మన దేశంలో 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇచ్చుట ప్రారంభించినది. భార్యాభర్తలలో ఒకరికి మాత్రమే వ్యాధి ఉన్న 1,763 జంటలతో, మన చెన్నై, పూనాలతో సహా తొమ్మిది దేశాలలో జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో వెలువడినవి. త్వరగా మందు మొదలుపెట్టుట వలన రెండవ వారికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినది. ఆ జంటలందరికీ సలహా, తొడుగులు కూడా అందినవి. మందు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, ఆ స్థితి నిలిచి ఉన్నవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు సోకదని తరువాతి పరిశోధనలు నిర్ధారించినవి. మందు తప్పకుండా ప్రతిదినం వేసుకొనుట కూడా నడవడే. దానికి కూడా ధృతి, స్మృతి కావలెను.

చిట్కా వైద్యాలతో జాగ్రత్త

గృహవైద్యాన్ని అభిమానించే మనం ఇక్కడ నిష్కర్షగా చెప్పుకొనవలసినది ఉన్నది. హెచ్.ఐ.వి.ని నిర్మూలించే చూర్ణం, లేహ్యం, భస్మం, కషాయం ఏదీ లేదు. నయం చేస్తామనే ప్రకటనలను నమ్మి ఎ.ఆర్.టి. మానుట ప్రాణాపాయం. పథ్యాహారం, నిద్ర, యోగాభ్యాసం శరీరానికి బలమిచ్చును. అవి మందుకు తోడే కాని బదులు కావు.

మేలు చేసే ద్రవ్యం కూడా మందుతో విరోధించవచ్చును. వెల్లుల్లి గుళికలు వాడుట వలన సాక్వినావిర్ అనే హెచ్.ఐ.వి. మందు రక్తంలో దాదాపు సగానికి తగ్గినట్లు 2002లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో తేలినది. అది గుళికలను గురించి చెప్పిన మాట. పప్పులో వేసే పోపును గురించి కాదు. నేడు విస్తారంగా వాడే డోలుటెగ్రావిర్ మాత్రను పరగడుపున ఇనుము, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకొన్నచో అది ఒంటికి సరిగా పట్టదు. కనుక ఏ బలవర్ధక ఔషధం వాడదలచినా ఎ.ఆర్.టి. కేంద్రంలోని వైద్యునికి ముందుగా తెలుపవలెను.

గృహస్థులు పాటించవలసినవి

1. వివాహ బంధంలో పరస్పర విశ్వాసమే ఉత్తమ రక్షణ. అది రెండు వైపులా ఉన్నప్పుడే రక్షణ అవుతుంది.

2. ప్రమాదకరమైన సంపర్కం జరిగి ఉన్నచో దాచరాదు. పరీక్ష ఫలితం తేలే వరకు భార్యతో తొడుగు లేనిదే కలియరాదు.

3. ప్రమాదం జరిగిన వెంటనే, 72 గంటలు దాటకముందే, పెద్ద ఆసుపత్రికి పోయినచో వైరస్ పాదుకొనకుండా 28 రోజులు వాడే మందులను గురించి వైద్యుడు నిర్ణయిస్తాడు. ఎంత త్వరగా పోయిన అంత మేలు.

4. సోకిన తొలి వారాలలో రక్త పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. మొదటి పరీక్షలో లేదని వచ్చినను, మూడు నెలలకు మరల చేయించుకొనవలెను.

5. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష, సలహా ఉచితం. 1097 సంఖ్యకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చును. 2017 నాటి చట్టం ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. వివరాలు రహస్యంగా ఉంచవలెను.

6. సెగ, పుండ్లు, స్రావం వంటి సుఖవ్యాధి లక్షణాలను ఉపేక్షించరాదు. అవి హెచ్.ఐ.వి. ప్రవేశానికి ద్వారాలు. భార్యాభర్తలు ఇద్దరూ చికిత్స పొందవలెను.

7. ప్రతి గర్భిణికీ తొలి నెలలలోనే పరీక్ష చేయించవలెను. వ్యాధి ఉన్నను సకాలంలో చికిత్స జరిగినచో, బిడ్డకు సోకే అవకాశాన్ని నూటికి 5 లోపునకు తగ్గించవచ్చును.

8. చదువుకో, ఉద్యోగానికో ఊరు విడచి పోయే కుమారునితో తండ్రి, కుమార్తెతో తల్లి ఈ విషయం మాట్లాడవలెను. బెదిరించరాదు. వారి సందేహం విని సమాధానం చెప్పవలెను. ఒకసారి చెప్పి ఊరుకొనక, ఇంటికి వచ్చినప్పుడు మరల మాట్లాడవలెను.

9. వ్యాధి ఉన్న బంధువును వెలివేయరాదు. వెలివేతకు భయపడినవాడు పరీక్షకు పోడు. పరీక్షకు పోనివాడు తెలియకుండానే మరొకరికి అంటిస్తాడు.

తెలిసి చేసే తప్పుకు తెలివి ఒక్కటే మందు కాదని ఇన్నేండ్ల పరిశోధనలు చెబుతున్నవి. దోషిని నిలబెట్టి ఉపన్యసించిన చోట మార్పు స్వల్పం. ఎదుట కూర్చుండబెట్టుకొని, అతని కష్టం విని, చేయగల చిన్న పనిని అతనిచేతనే చెప్పించిన చోట మార్పు అధికం. ఆ పనికి చికిత్సాలయమే కావలెనని లేదు. రాత్రి భోజనాలైన పిదప తండ్రీ కొడుకులు, భార్యాభర్తలు మాట్లాడుకొనే పది నిమిషాలు కూడా అందుకు చాలును.